కోటు, లుంగీ, ఇహ్రామ్

సముద్రం మీద తిరిగే పెద్ద విహార నౌకల్లో ఒక పాత ఆచారం ఇంకా బతికే ఉంది. 1840లో అట్లాంటిక్ మీద ఉత్తరాల ఓడలు నడపడంతో మొదలైన క్యూనార్డ్ కంపెనీ ఓడల్లో, సాయంత్రం ఆరు దాటాక ప్రయాణికులు ఎలాంటి బట్టలు వేసుకుని భోజనశాలకు రావాలో నియమం ఉంది. మామూలు సాయంత్రాల్లో కాలరున్న చొక్కా, శుభ్రమైన ప్యాంటు సరిపోతాయి. కొన్ని రాత్రులను మాత్రం 'గాలా' రాత్రులంటారు. ఆ రాత్రి మగవాళ్ళు డిన్నర్ జాకెట్ గానీ, ముదురురంగు సూటూ టై గానీ వేసుకోవాలి. ఆడవాళ్ళు దానికి తగ్గ గౌన్లు వేసుకోవాలి. వేసుకోనివాళ్ళను ఓడలోంచి దించెయ్యరు. బఫే ఉన్నచోటుకో, ఇంకో మూలకో వెళ్ళమంటారు. అక్కడా తిండి దొరుకుతుంది. పెద్ద హాలు మాత్రం దొరకదు.

గోదావరి డెల్టాలో కూచుని ఈ డిన్నర్ జాకెట్ల గొడవ మనకెందుకని ఎవరైనా అడగొచ్చు. మా మటుకు మాకు ఇది పరాయి విషయంగా కనపడదు. మనిషి ఒంటిమీది బట్ట చూసి వాడిని ఏ గదిలోకి రానివ్వాలో తేల్చే అధికారం ఎవరిది? ఇందులో ఉన్న ప్రశ్న ఇదే. ఈ దేశంలో ముసల్మాను రోజూ మోస్తున్న ప్రశ్న కూడా ఇదే. మన వీధుల్లో ఈ మాట ఎత్తితే చాలు, రెండు వైపులా గొంతులు లేస్తాయి. ఓడ మీద అయితే దాన్ని కాస్త నిదానంగా పరిశీలించవచ్చు. పైగా ఆ ఓడలు మా తీరానికి మరీ అంత దూరమైనవేం కాదు.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1856లో కలకత్తాకూ బర్మాకూ మధ్య ఓడలు నడపడానికి పుట్టింది. 1862లో దానికి ఆ పేరు వచ్చింది. 1914లో పి అండ్ ఓ కంపెనీలో కలిసింది. తెల్లదొరలను లండన్ నుంచి బొంబాయికీ, బొంబాయి నుంచి లండన్‌కూ మోసిన పి అండ్ ఓ, కాకినాడ రేవు నుంచి గోదావరి జిల్లాల కూలీలను రంగూన్‌కు మోసిన బ్రిటిష్ ఇండియా, ఆ తర్వాత ఒకే గొడుగు కింద నడిచాయి. మన వాళ్ళు రంగూన్‌ను 'రంగం' అన్నారు. అక్కడి వాళ్ళు మన వాళ్ళను 'కోరంగీలు' అన్నారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. కోతలైపోయాక పనుల్లేని రోజుల్లో ఓడెక్కి రంగం పోవడం ఈ జిల్లాల్లో రెండుమూడు తరాల బతుకుతెరువు.

ఆ ఓడల్లో పైన క్యాబిన్లు, సెలూన్, గంట కొడితే బట్టలు మార్చుకుని వచ్చి కూచునే భోజనబల్లలు ఉండేవి. డెక్కు టిక్కెట్టు కొన్నవాడికి దొరికేది చాప పరుచుకునేంత చోటు. అక్కడ గోచీ, పంచె, లుంగీ పక్కపక్కనే ఉండేవి. డెక్కు మీద ఎవరూ సాయంత్రం బట్టల నియమం పెట్టలేదు. వాడు చొక్కా వేసుకున్నాడో లేదో ఎవరూ అడగలేదు. దీన్ని స్వేచ్ఛ అనుకుంటే పొరపాటు. నియమం పెట్టాలంటే ముందు ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి. డెక్కు మీది వాడు సరుకుల లెక్కలో ఉన్నాడు గానీ అతిథుల లెక్కలో లేడు. సూటు వేసుకోమని ఒకణ్ణి అడగడంలో ఎంత అహంకారముందో, ఇంకొకణ్ణి ఏమీ అడక్కపోవడంలో అంతకంటే పెద్ద అహంకారం ఉంది.

ఆ ఓడల్లో మూడో మనిషి కూడా ఉన్నాడు. అతను ఖలాసీ. హిందూ మహాసముద్రం మీద నడిచిన బ్రిటిష్ ఓడల ఖలాసీల్లో చాలామంది ముసల్మానులు. సిల్హెట్, నోవాఖలీ, కొంకణ్, గుజరాత్ తీరాల వాళ్ళు. పి అండ్ ఓ ఓడల్లో డెక్కు ఖలాసీలకు నీలంరంగు పొడుగు అంగీ, నడుముకు ఎర్రని రుమాలు, తలకు టోపీ ఉండేవి. ఆ అంగీని 'లాల్చీ' అనేవారు. తెలుగువాడికి లాల్చీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మన కవులూ, రాజకీయ నాయకులూ వేదికలెక్కేది అది తొడుక్కునే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఓడ మీద మన బట్టను ఎవరూ నిషేధించలేదు. డెక్కు కడిగేవాడి ఒంటిమీద అది ముచ్చటైన యూనిఫారం. అదే బట్టతో ఆ మనిషి భోజనబల్ల ముందు కుర్చీ లాక్కుని కూచుంటే మాత్రం మర్యాద తప్పినట్టు. అంటే ఆ నియమం కాపలా కాసింది కుర్చీకి, బట్టకు కాదు.

ఆ కుర్చీలో కూచున్న దొర నడుముకున్నది ఏమిటో కూడా చూడాలి. డిన్నర్ జాకెట్ కింద కట్టుకునే వెడల్పాటి పట్టీని ఇంగ్లీషువాళ్ళు కమర్‌బండ్ అంటారు. అది మన కమర్‌బంద్. కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. హిందుస్తాన్‌లో దొరలు నేర్చుకుని లండన్ తీసుకుపోయిన ఫారసీ మాట, ఫారసీ బట్ట. రాత్రి గదిలోకి వెళ్ళాక వాళ్ళు తొడుక్కునే పైజామా కూడా మనదే. పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట. సైన్యానికి వేసిన ఖాకీ కూడా ఖాక్ అనే మాట నుంచి వచ్చింది, మట్టి అని అర్థం. తెలుగు దుస్తుల పెట్టె తెరిచినా ఇదే కథ. దర్జీ, రుమాలు, అస్తరు, శాలువా ఫారసీ నుంచి వచ్చాయి. జేబు అరబ్బీ నుంచి వచ్చింది. మా కాకినాడ జిల్లా ఉప్పాడలో నేసే పట్టుచీరకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని పేరు జామ్‌దానీ. ఢాకా నేతగాళ్ళ చేతుల్లో ప్రసిద్ధికెక్కిన నేత అది, పేరు ఫారసీది. పెద్దింటి పెళ్ళికూతురు ఆ చీర కట్టుకుని పీటల మీద కూచున్నప్పుడు ఎవరూ ఆమె మతాన్ని అనుమానించరు. అనుమానించకూడదు కూడా. బట్టలు ఇన్నిళ్ళు తిరిగి వచ్చాక ఇది వీళ్ళది, అది వాళ్ళది అని గీతలు గీసేవాళ్ళ చరిత్రజ్ఞానం మీద మాకు అనుమానం.

అయితే సాయంత్రపు దుస్తుల ఆచారాన్ని సమర్థించే వాళ్ళ మాట కూడా వినాలి. వాళ్ళు చెప్పేది తీసిపారెయ్యాల్సింది కాదు. రోజంతా నిక్కర్లతో తిరిగిన మనుషులు రాత్రి స్నానం చేసి, మంచి బట్టలు వేసుకుని ఒకరి ఎదురుగా ఒకరు కూచోవడంలో ఎదుటివాడి పట్ల ఒక గౌరవం ఉంది. 'నీకోసం ముస్తాబై వచ్చాను' అని చెప్పడం అది. మేం ఈద్‌గాకు నలిగిన బట్టలతో వెళ్తామా? ఇంట్లో ఉన్నవాటిలో మంచివి తీసి, అత్తరు రాసుకుని వెళ్తాం. నికాహ్‌కు షేర్వానీ లేకపోతే అద్దెకైనా తెస్తాం. పూలదండల మధ్య పెళ్ళికొడుకు నలుగురిలో ఒకడిలా కనపడకూడదనే కదా ఆ తాపత్రయం. కాబట్టి బట్టల నియమం అనగానే దౌర్జన్యం అని కేకలు వెయ్యడం నిజాయితీ కాదు. సామూహిక జీవితం ఉన్నచోటల్లా ఏదో ఒక రూపంలో ఈ నియమం ఉంటుంది.

పైగా మన నేల మీద ఇంగ్లీషువాడి నియమం కంటే క్రూరమైనది ఒకటి ఉండేది. ఇంగ్లీషువాడి ఓడ 'మంచి బట్ట వేసుకునిరా' అంది. మన ఊళ్ళు 'మంచి బట్ట వేసుకోకు' అన్నాయి. పెద్దకులాల ఇళ్ళ ముందు నుంచి నడిచేటప్పుడు దళితుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవాలి. పంచె మోకాలు దిగకూడదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల తరబడి దెబ్బలు తిని పోరాడితే 1859లో గానీ రాజు ఒప్పుకోలేదు. ఇదీ దుస్తుల నియమమే. ఒకటి మనిషిని ముస్తాబు కమ్మంది. రెండోది మనిషి ముస్తాబును నేరం చేసింది. రెండింటిలోనూ ఎవడి స్థానం ఏదో ఎవరూ మర్చిపోకుండా చూడడమే బట్ట పని. ఈ సంగతి దళిత సోదరులు మాకంటే ముందే గ్రహించారు. మేం వాళ్ళ నుంచి నేర్చుకోవాలి.

మళ్ళీ ఓడ దగ్గరికి వద్దాం. క్యూనార్డ్ నియమాల్లో ఉదారమైన వాక్యం ఒకటుంది. గాలా రాత్రుల్లో డిన్నర్ జాకెట్టుకు బదులు సైనిక యూనిఫారం గానీ, మర్యాదకు తగిన జాతీయ దుస్తులు గానీ వేసుకోవచ్చు. స్కాట్లండ్ వాడు తన గళ్ళ కిల్టుతో వస్తాడు. మోకాళ్ళు కనపడినా ఎవరూ ఏమీ అనరు. బాగానే ఉంది. మరి గోదావరి ముసల్మాను జాతీయ దుస్తులేమిటి?

షేర్వానీ అని వెంటనే జవాబొస్తుంది. సినిమాల్లో సాయిబు వేసేది అదే. కానీ షేర్వానీ ఇప్పుడున్న రూపానికి వచ్చిందే 19వ శతాబ్దంలో. అది అలీగఢ్‌లో చదువుకున్నవాళ్ళదీ, హైదరాబాద్ దర్బారుదీ. ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో నిజాం చేతిలోంచి కంపెనీ చేతిలోకి పోయాయి. ఆ తర్వాత మా తాతముత్తాతలకు హైదరాబాద్ దర్బారుతో పని పడలేదు. రాజమండ్రిలో 1324 నాటి మసీదు, దాని ఫారసీ శాసనం ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఏడువందల ఏళ్ళుగా ఇక్కడ నమాజు ఉంది. అన్నేళ్ళలో ఇక్కడి బీద ముసల్మాను షేర్వానీతో గట్టు మీద నడిచింది లేదు. అతను కట్టింది పంచె, లుంగీ. గళ్ళ లుంగీని ఇంట్లో తహ్మద్ అంటాం, వీధిలోకి వచ్చేసరికి లుంగీ అంటాం. పొలంలో, పడవ మీద, మాంసం దుకాణంలో, సైకిల్ షాపులో మా ఒంటిమీద ఉన్నది అదే. గళ్ళున్నాయి కాబట్టి అది కిల్టుకు తమ్ముడే. అయినా రేపు మాలో ఎవడైనా ఉతికి ఇస్త్రీ చేసిన లుంగీతో ఆ హాలు గుమ్మం దగ్గర నిలబడి 'ఇది మా దుస్తు' అంటే ఏమవుతుంది? జాతీయం కావచ్చు గానీ 'మర్యాదకు తగినది' కాదు అంటారు. మర్యాద అనే మాట అక్కడ జల్లెడ. కిల్టు వేసుకున్నవాడికి వెనక కోటలున్న ప్రభువులున్నారు. లుంగీకి వెనక పనిచేసే మనుషులే ఉన్నారు. ఎవరి బట్ట మర్యాద అవుతుందనేది అది ఎవరు కట్టారన్న దాని మీద ఆధారపడింది.

గాంధీ రెండు ప్రయాణాలు ఈ విషయంలో మంచి పాఠం. 1888లో బొంబాయి నుంచి లండన్ బయల్దేరిన కుర్రవాడు ఓడలో నల్లసూటు వేసుకున్నాడు. తెల్ల ఫ్లానెల్ సూటును దిగే రోజు కోసం దాచుకున్నాడు. సెప్టెంబర్ చివర సౌతాంప్టన్‌లో దిగి చూస్తే తెల్లబట్టల్లో ఉన్నది తనొక్కడే. సిగ్గుతో చచ్చిపోయానని ఆత్మకథలో రాసుకున్నాడు. భోజనబల్ల దగ్గరికి వెళ్ళడానికే జంకి, వెంట తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ గదిలో తిన్నాడు. అదే మనిషి 1921లో మధురైలో కొల్లాయి కట్టాడు. 1931లో పి అండ్ ఓ వారి రాజ్‌పుతానా ఓడలో ఆ కొల్లాయితోనే రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి, బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో చక్రవర్తి ముందు నిలబడ్డాడు. చర్చిల్ ఆయన్ను అర్ధనగ్న ఫకీరు అన్నాడు. తిట్టడానికి కూడా ఆయనకు దొరికింది మా మాటే. రాజభవనం తలుపులు గాంధీ కొల్లాయికి తెరుచుకున్నాయి. ఎందుకంటే ఆయన వెనక కోట్లమంది ఉన్నారు. ఆ కోట్లమందిలో ఒకడు విడిగా వెళ్ళి ఉంటే కాపలావాడే వెనక్కి పంపేవాడు. గొప్పవాళ్ళ విషయంలో కూడా ఈ మినహాయింపు ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. లోకమంతా తెలిసిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ కాళ్ళకు జోళ్ళు లేవని ముంబైలోని విల్లింగ్డన్ క్లబ్ ఆయన్ను వెనక్కి పంపింది. మినహాయింపు అనేది ఇచ్చేవాడి దయ. దయ మీద ఆధారపడ్డ గౌరవం ఏ సాయంత్రమైనా పోవచ్చు.

ఇక ఎర్రసముద్రం సంగతి. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఇండియా ఓడలన్నీ ఆ దారినే పోయాయి. అక్కడి వేడికి కోటు వేసుకుని భోజనానికి కూచోవడం దొరల వల్ల కాలేదు. జాకెట్ తీసేసి, చొక్కా మీద నడుముకు కమర్‌బంద్ మాత్రం కట్టుకుని రావచ్చని సడలించుకున్నారు. దానికి 'రెడ్ సీ రిగ్' అని పేరు కూడా పెట్టారు. నియమం దేవుడు రాసింది కాదని, చెమట పోస్తే మార్చుకోవచ్చని వాళ్ళకూ తెలుసన్న మాట. కాకపోతే చెమట వాళ్ళది అయి ఉండాలి.

అదే సముద్రం మీద ఇంకో రకం ఓడలు నడిచాయి. 1877లో పుట్టి తర్వాత మొగల్ లైన్‌గా పేరుపడ్డ కంపెనీ ఓడలు బొంబాయి నుంచి జిద్దాకు హాజీలను మోశాయి. బొంబాయి నుంచి సముద్రమార్గాన హజ్ ప్రయాణం 1995 దాకా సాగింది. ఓడ యలమ్‌లమ్ అనే హద్దుకు ఎదురుగా రాకముందే అందరికీ కబురు అందేది. అక్కడ మగవాళ్ళందరూ కుట్టిన బట్టలు విప్పేస్తారు. రెండు తెల్లటి కుట్టని గుడ్డలు కట్టుకుంటారు. భుజాల మీదిది రిదా, నడుముకు చుట్టేది ఇజార్. అత్తరు లేదు. తల మీద టోపీ కూడా ఉండకూడదు. ఆడవాళ్ళు తమ మామూలు బట్టల్లోనే ఉంటారు, ముఖానికి నఖాబ్ కట్టుకోకూడదని హదీసు ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ఏ టోపీని, ఏ నఖాబ్‌ను చూసి లోకం మమ్మల్ని ముసల్మాను అని గుర్తుపడుతుందో, ఆ గుర్తులన్నీ మా మతంలోకెల్లా పవిత్రమైన ప్రయాణంలో తీసి పక్కన పెడతాం. మిగిలేది ఒక తెల్లటి లుంగీ. క్లబ్బు గుమ్మం దగ్గర మర్యాద కాదనిపించుకున్న ఆ లుంగీతోనే కాబా ముందు నిలబడతాం.

ఇదీ నియమమే. సడలింపు లేని నియమం. మరి దీన్ని ఎందుకు ఒప్పుకుంటాం, దాన్ని ఎందుకు ప్రశ్నిస్తాం? మావాళ్ళది కాబట్టి మాకు ముద్దు అంటే అది జవాబు కాదు. తేడా ఇంకోచోట ఉంది. సాయంత్రపు సూటు మనిషిని ఏదో ఒకటి తెమ్మంటుంది. డబ్బు, దర్జీ, టై ముడి వెయ్యడం నేర్పే ఇల్లు తెమ్మంటుంది. లేనివాడు బయట ఉండిపోతాడు. ఇహ్రామ్ మనిషిని ఉన్నది వదిలెయ్యమంటుంది. వదిలెయ్యడానికి ఎక్కువ ఉన్నవాడే ఎక్కువ ఇబ్బంది పడతాడు. బీదవాడు మామూలుగా కట్టుకునే తీరుకు షావుకారు దిగిరావాలి. 1964లో కైరోలో ఆ రెండు గుడ్డలు కట్టుకుని జిద్దా విమానమెక్కిన మాల్కమ్ ఎక్స్, అక్కడ రాజెవడో రైతెవడో పోల్చుకోలేమని రాశాడు. అమెరికాలో ఒంటిరంగుతోనే ఏ తలుపు తెరుచుకుంటుందో తేలిపోయే మనిషికి ఆ తెల్లగుడ్డ ఎంత పెద్ద విషయమో మనం ఊహించుకోవచ్చు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మతప్రచారం అవుతుంది. ఆపకూడదు. ఆ హజ్ ఓడల్లో కూడా ఫస్టు క్లాసు ఉంది, డెక్కు ఉంది. ఒకే గుడ్డ కట్టుకున్న ఇద్దరు వేర్వేరు అంతస్తుల్లో పడుకున్నారు. ఇవాళ విమానాల కాలంలో ఖరీదైన హజ్ ప్యాకేజీలున్నాయి. అంతకంటే పెద్ద సంగతి, ఇహ్రామ్ విప్పి ఊరికొచ్చాక ఏం చేస్తున్నామన్నది. మా జిల్లాల్లో దూదేకుల, నూర్‌బాషాలున్నారు. దూది ఏకి, పరుపులు కుట్టి ఊరందరికీ నిద్ర ఇచ్చినవాళ్ళు. వాళ్ళ ఇంటిభాష తెలుగు. వాళ్ళ ఆడవాళ్ళు పక్కింటి హిందూ స్త్రీల్లాగే చీర కడతారు. అందుకని ఉర్దూ మాట్లాడే సాయిబుల్లో కొందరు వాళ్ళను సగం ముసల్మానులుగా చూస్తారు. సంబంధం కలుపుకోవడానికి వెనకాడతారు. 'మీ బట్ట మర్యాదకు తగింది కాదు' అని చెప్పే ఓడ పెద్దమనిషికీ, 'మీ కట్టుబాటు ముసల్మాను కట్టుబాటు కాదు' అని చెప్పే మొహల్లా పెద్దమనిషికీ ఏం తేడా? యలమ్‌లమ్ దగ్గర వదిలేసిన కుట్టుబట్టలన్నీ మళ్ళీ ఇక్కడ తొడుక్కుంటున్నాం. మెజారిటీని అడిగే ప్రశ్న మన ఇంట్లో అడగకపోతే, మన ప్రశ్నకు బరువుండదు.

ఆడవాళ్ళ విషయానికి వస్తే ఇది ఇంకా చిక్కుపడుతుంది. బుర్ఖా వేసుకోమని కూతురి మీద కేకలేసే తండ్రీ, తీసెయ్యమని కాలేజీ గేటు దగ్గర అడ్డుపడే అధికారీ ఒకే పని చేస్తున్నారు. ఆ అమ్మాయి తల మీది గుడ్డ గురించి ఇద్దరూ మాట్లాడతారు. ఆ తలలో ఏముందో ఇద్దరూ అడగరు. కర్ణాటకలో కాలేజీ గేట్ల దగ్గర ఆడపిల్లలను ఆపిన వ్యవహారంలో 2022 మార్చి 15న హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. విషయం పెద్ద ధర్మాసనానికి వదిలారు. యూనిఫారం సమానత్వం కోసమే కదా అని లౌకికవాద మిత్రులు మమ్మల్ని అడుగుతారు. మంచి ప్రశ్నే. యూనిఫారం ఉద్దేశం ఇహ్రామ్ ఉద్దేశం లాంటిదే, బీదా గొప్పా తేడా కనపడకుండా చెయ్యడం. ఆ పని యూనిఫారం రంగులోనే ఉన్న ఒక తలగుడ్డతో చెడిపోతుందా? చెడిపోదు. దాని వల్ల ఒక పిల్ల చదువు మాత్రం ఆగిపోతుంది. సమానత్వం కోసం పెట్టిన నియమం ఒక పిల్లను తరగతి బయట నిలబెడితే, అది తన ఉద్దేశాన్నే మర్చిపోయిందని అర్థం.

దీని పక్కన తమిళనాడు సంగతి పెట్టి చూడండి. 2014 జూలైలో చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. రాష్ట్రమంతా మండిపడింది. ఆగస్టుకల్లా శాసనసభ చట్టం చేసింది. సంప్రదాయ దుస్తుల్లో వచ్చినవాళ్ళను అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ చట్టాన్ని మేం మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాం. పంచెకు దొరికిన ఆ రక్షణ తలగుడ్డకు ఎందుకు దొరకదని మాత్రమే అడుగుతున్నాం. 2019 డిసెంబర్ 15న జార్ఖండ్‌లోని దుమ్కా సభలో దేశ ప్రధానమంత్రి, నిప్పు పెడుతున్నవాళ్ళెవరో వాళ్ళ బట్టలను బట్టే తెలిసిపోతుందన్నారు. ఒకరి బట్ట సంస్కృతి, ఇంకొకరి బట్ట సాక్ష్యం. ఈ పరిస్థితిలో ముసల్మాను తన దుస్తులను పట్టుకుని వేలాడడం మతమౌఢ్యం అని కొట్టిపారేసే ముందు, ఎంత భాగం విశ్వాసమో, ఎంత భాగం అవమానానికి జవాబో లెక్క తియ్యాలి.

అయితే విహార నౌకా, కాలేజీ గేటూ ఒకటే అని మేం అనడం లేదు. కలిపేస్తే రెండింటికీ అన్యాయం. ఏ దుస్తుల నియమాన్నైనా మూడు ప్రశ్నలు అడిగి తూచవచ్చనుకుంటున్నాం. ఒకటి, అది మనిషిని ఏం వదిలెయ్యమంటోంది, ఏం తెమ్మంటోంది? రెండు, 'నేను కట్టుకోను' అన్నవాడికి పోయేదేమిటి? మూడు, ఆ నియమం రాసినప్పుడు దాన్ని పాటించాల్సినవాడిని ఎవరైనా అడిగారా?

ఈ మూడింటితో చూస్తే క్యూనార్డ్ వాడి గాలా రాత్రి పెద్ద నేరమేమీ కాదు. టిక్కెట్టు కొనేముందే నియమం తెలుస్తుంది. ఒప్పుకోనివాడికి పోయేది ఒక హాల్లో భోజనం. అన్నం పోదు, చదువు పోదు, పౌరసత్వం పోదు. సరదాపడి ముస్తాబయ్యేవాళ్ళను ముస్తాబు కానిద్దాం. లుంగీకి కుర్చీ ఇవ్వకపోవడం వాళ్ళ కురచతనం అనుకుని నవ్వుకుందాం. కాకినాడ డెక్కు మాత్రం ఈ పరీక్షలో తప్పుతుంది. అక్కడ వాడిని ఏమీ అడగలేదు, ఎందుకంటే వాడిని మనిషిగా లెక్కపెట్టలేదు. కాలేజీ గేటూ తప్పుతుంది, అక్కడ పోయేది జీవితం. మా మొహల్లా పంచాయితీ కూడా తప్పుతుంది, అక్కడ ఆడవాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

ఓడ మీద ఉన్నవాళ్ళందరూ నిజంగా ఒకేలా కట్టుకోవాల్సిన బట్ట ఒకటుంది, దాన్ని మన గోదావరే చెప్పింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల విహారానికి వెళ్ళిన బోటు మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళేనని పత్రికలు రాశాయి. ఆ జాకెట్టుకు కులం లేదు, మతం లేదు, మర్యాద లేదు. కోటు మీదా వేసుకోవచ్చు, లుంగీ మీదా, బుర్ఖా మీదా వేసుకోవచ్చు. దాన్ని వేసుకోమని గట్టిగా చెప్పాల్సినచోట చెప్పని సమాజం, తలగుడ్డ తియ్యమని మాత్రం పోలీసులను పెట్టి చెబుతోంది. నియమాల మీద మనకున్న శ్రద్ధ ఎటు పోతోందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కాబట్టి మేం అడుగుతున్నది మినహాయింపు కాదు. మినహాయింపులు గాంధీలకూ, హుసేన్‌లకూ వదిలేద్దాం, వాళ్ళకైనా దొరికితే. నియమాలు ఉండనీయండి. వాటిని రాసే బల్ల దగ్గర మా కోసం ఒక కుర్చీ వెయ్యండి. దూదేకుల మనిషికీ, మా ఆడవాళ్ళకూ కూడా అక్కడ కుర్చీలు వెయ్యడం మా వంతు. అందులో కోటుతో కూచుంటామా, లుంగీతో కూచుంటామా అన్నది మేం చూసుకుంటాం.